కృష్ణ పెన్నకు మళ్ళిన బెజవాడ: మీ నవల మొదటి తొంభై పేజీలు చదివాక

మీరు పంపిన తొంభై పేజీలూ రెండుసార్లు చదివాను తమ్ముడూ. మొదటిసారి ఆదివారం మధ్యాహ్నం, అన్నం తిన్నాక, పెన్ను పట్టుకోకుండా. రెండోసారి మంగళవారం, పెన్ను పట్టుకుని. సగం నవల కూడా నా చేతికి రాలేదు కాబట్టి దీన్ని తీర్పు అనుకోకండి. చదువుతున్నప్పుడు మనసుకి ఏది తట్టిందో అది తట్టినట్టు రాస్తున్నాను.

మీ ప్రశ్న మిగతావాళ్ళకీ తెలియాలి. జరగని చరిత్ర మీద ఒక భవిష్యత్తుని ఊహించి థ్రిల్లర్ రాస్తున్నారు. పదిమంది స్నేహితులకి చదవమని ఇచ్చారు. అందరూ ఐడియా బాగుందన్నారు, కానీ నలభయ్యో పేజీ దాటినవాళ్ళు ఇద్దరే. లోపం చరిత్రలో ఉందా, రాతలో ఉందా అని అడిగారు.

కథ ఇదీ. 2028, కృష్ణా పుష్కరాల రోజులు. ఊరు బెజవాడే, కానీ మనం తిరిగే బెజవాడ కాదు. 1952లో కృష్ణ మీద ఆనకట్ట ఎక్కడ కట్టాలో తేల్చే ఖోస్లా కమిటీ నందికొండ (ఇవాళ నాగార్జునసాగర్ ఉన్న చోటు) చూడ్డానికి వస్తుందంటే జమీందారు ముక్త్యాల రాజా పూనుకుని ఊళ్ళవాళ్ళ చేత అడవిలో దారి వేయించారని, ఆ దారి పడబట్టే కమిటీ ఆ చోటు కళ్ళారా చూసి ఒప్పుకుందని మన కృష్ణా, గుంటూరు జిల్లాల పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. మీ నవలలో ఆ దారి ఒక్క రాత్రి వానకి కొట్టుకుపోయింది. కమిటీ జీపులు వెనక్కి తిరిగాయి. నందికొండ మాట అక్కడితో ఆగింది. కృష్ణ నీళ్ళని పెన్నకు మళ్ళించాలని మద్రాసు ప్రభుత్వం తలపెట్టిన కృష్ణా-పెన్నా ప్రాజెక్టునే కట్టేశారు. నాగార్జునసాగర్ లేదు. మూడు తరాల తర్వాత, ఒక లస్కరు (కాలవ నీళ్ళు కనిపెట్టి చూసే ఉద్యోగి) కూతురు, ఇరిగేషన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేస్తూ, ప్రకాశం బ్యారేజీ నీళ్ళ లెక్కల రిజిస్టరులో అంకెలు ఎవరో దిద్దుతున్నారని కనిపెడుతుంది. అక్కణ్ణించి ఆమె వెనక మనుషులు పడతారు.

నేను విజయవాడలో ఒక వారపత్రికకి ఇరవై ఆరేళ్ళు సీరియళ్ళు చూశాను. వారం వారం వచ్చే కట్టల్లోంచి ఏది వేయాలో, ఏది తిప్పి పంపాలో తేల్చే పని. మా నాన్న బందరు కాలవ మీద లస్కరు. అందుకని మీ హీరోయిన్ ఇంట్లోకి నేను చాలా తేలిగ్గా వెళ్ళిపోయాను. ఈ సమాధానం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మనసుకి హత్తుకున్నది చెప్తాను. చరిత్రను మలుపు తిప్పడానికి సాధారణంగా ఒక యుద్ధమో, ఒక నాయకుడి హత్యో పెడతారు. మీరు వాన పెట్టారు. ఒక మట్టిదారి కొట్టుకుపోతే మూడు తరాల బతుకు మారిపోయింది. ఇది మన నేలలోంచి పుట్టిన ఊహ, మనవాళ్ళే రాయగలిగింది. ఆ మూడో పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలా కూర్చున్నాను.

ఇక ఏడో పేజీలో నాయనమ్మ. కుళాయి నీళ్ళు రాగి చెంబులోంచి అరచేతిలో వంచుకుని, నాలిక చివర తగిలించుకుని, "ఇవాళ ఉప్పు తక్కువే, పప్పు ఉడుకుతుంది" అంటుంది. ఒక్క వాక్యం! సముద్రం పైకి ఎగదన్నిందని, కాలవలో మంచినీళ్ళు తగ్గాయని, ఇంటింటా వంట కూడా దాన్ని బట్టే సాగుతోందని అన్నీ అందులోనే ఉన్నాయి. ఉప్పు నీళ్ళలో పప్పు ఉడకదన్న సంగతి రేపల్లె, నాగాయలంక వైపు ఆడవాళ్ళని ఎవరినడిగినా చెప్తారు. మీ తొంభై పేజీల్లో ఇంతకంటే మంచి వాక్యం లేదు.

కానీ ఆ కుళాయిని మీరు వన్‌టౌన్‌లో పెట్టారు. అక్కడ నాకు చివుక్కుమంది. బెజవాడకి సముద్రం అరవై కిలోమీటర్ల పైనే. పైగా బ్యారేజీ వెనక నీటిమట్టం సముద్రమట్టానికి పదిహేడు మీటర్ల ఎత్తున ఉంటుంది. నది ఎంత ఎండినా ఉప్పు ముందు తాకేది కాలవల శివారు ఊళ్ళని: అవనిగడ్డ, కోడూరు, నిజాంపట్నం, రేపల్లె. నాయనమ్మని రేపల్లెలో ఉంచండి. మనవరాలు అక్కడ పెరిగి, ఉద్యోగానికి బెజవాడ వచ్చిందనుకోండి. మొదటి రోజు వన్‌టౌన్‌లో మంచినీళ్ళు తాగి, ఉప్పు లేని నీళ్ళు ఆ పిల్లకి చప్పగా తోచాయనుకోండి. అప్పుడు ఎగువకీ దిగువకీ ఉన్న తేడా ఆ పిల్ల నోట్లోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు నలభయ్యో పేజీ సంగతి. 37 నుంచి 48 దాకా, పన్నెండు పేజీలు, ఒక రిటైర్డ్ ప్రొఫెసరు కుర్చీలో కూర్చుని ఖోస్లా కమిటీ, కృష్ణా-పెన్నా, మద్రాసు రాజకీయం అన్నీ పాఠం చెప్తాడు. మీ స్నేహితులు ఆగిపోయింది అక్కడ. చెప్పిన చరిత్రలో పెద్ద తప్పులేం లేవు. మీరు బాగా చదివి రాశారని తెలుస్తూనే ఉంది. అసలు అందుకే ఆ పేజీలు వదులుకోలేకపోయారు. సీరియళ్ళు చూసే రోజుల్లో ఇలాంటివి వందలు చూశాను. కష్టపడి సంపాదించిన సమాచారం కదా, వదలబుద్ధి కాదు. కానీ 36వ పేజీలో ఆ పిల్ల చేతిలో దొంగ రిజిస్టరు ఉంది, కింద జీపు ఆగింది, మెట్ల మీద అడుగులు వినిపిస్తున్నాయి. అంత టెన్షన్‌లో ఉన్న పాఠకుడిని కూర్చోబెట్టి 1952 గురించి చెప్తే ఎవరు వింటారు? ఆ పన్నెండు పేజీలూ తీసేయండి. పేజీన్నర చాలు, అదీ ఆమె ప్రాణం కాపాడుకోవడానికి ఆ సమాచారం అవసరమైన చోట.

మరి మారిన లోకం పాఠకుడికి ఎలా తెలియాలి? వస్తువుల్లోంచి, మాటల్లోంచి. ఇక్కడ మీరు కొన్ని చోట్ల జారారు. 52వ పేజీలో లారీ డ్రైవరు "మాచర్ల మీదుగా సాగర్ రోడ్డు పట్టుకుంటా" అన్నాడు. మీ లోకంలో సాగర్ లేదు కదా, ఆ రోడ్డుకి ఆ పేరు ఎక్కణ్ణించి వస్తుంది? చిన్న పొరపాటే, కానీ పట్టుకున్న పాఠకుడు మిమ్మల్ని ఇక నమ్మడు. మన నోళ్ళలో సాగర్ కాలవ, సాగర్ నీళ్ళు, కుడి కాలవ, ఎడమ కాలవ అనే మాటలు ఎంతగా నానిపోయాయో రాసేటప్పుడు మనకే తెలియదు. రాసిందంతా ఒకసారి ఆ కన్నుతోనే జల్లెడ పట్టండి.

గుంటూరు మిర్చి యార్డు సీను దగ్గర ఇది ఇంకా పెద్ద ప్రశ్న అవుతుంది. 61వ పేజీలో యార్డుని ఇవాళ ఉన్నట్టే చూపించారు. పల్నాడు నల్లరేగడిలో వర్షాధారంగా కొంత మిర్చి ఎలాగూ పండుతుంది, కాదనను. కానీ కుడి కాలవ నీళ్ళు లేని నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల నుంచి ఇంత సరుకు వస్తుందా? నీళ్ళు పెన్నకు వెళ్ళిన లోకంలో మిర్చి పెద్ద బజారు నంద్యాలకి మారి ఉండొచ్చు. గుంటూరు యార్డులో సగం షెడ్లు ఖాళీగా ఉండి, కమీషన్ కొట్లకి తాళాలు పడి, బస్తాలు మోసే ముఠా కార్మికులు పని వెతుక్కుంటూ నంద్యాల రైలెక్కుతుంటే ఎలా ఉంటుందో ఊహించండి. గుంటూరు పాఠకుడికి ఆ ఒక్క దృశ్యం చాలు, గుండె జారిపోతుంది. మీరు గుంటూరువారు, ఆ ఖాళీ షెడ్డు నాకంటే మీరే బాగా రాయగలరు.

ఆ సీనులోనే ఇంకో మాట. హీరోయిన్ టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య ఇరవై నిమిషాలు చప్పుడు లేకుండా దాక్కుందని రాశారు. మిర్చి టిక్కీల మధ్య దగ్గకుండా ఇరవై నిమిషాలా? అలవాటున్న ముఠావాళ్ళే మొహానికి తువ్వాలు కట్టుకుని మోస్తారు. మొదటిసారి లోపలికి వెళ్ళినవాళ్ళకి గేటు దాటగానే గొంతులో గరగర మొదలవుతుంది, ముక్కు, కళ్ళు కారతాయి. ఆ దగ్గునే వాడుకోండి. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళలో నీళ్ళు కారుతుంటే, ఛాతీలోంచి తన్నుకొస్తున్న దగ్గుని ఆపుకుంటున్న ఆడపిల్ల. అవతల షెడ్డులో వెతుకుతున్నవాడికీ అదే దగ్గు. ఎవరు ముందు దగ్గితే వాళ్ళు దొరికిపోతారు. తుపాకీ అక్కర్లేదు. పుష్కరాలు వానాకాలంలో వస్తాయి కాబట్టి ఆ రోజుల్లో యార్డుకి వచ్చేది కోల్డ్ స్టోరేజి సరుకు. చల్లగా ఉన్న టిక్కీకి వీపు ఆనించి కూర్చోవడం కూడా ఆ సీనుకి పనికొస్తుంది.

ఇక రిజిస్టరు. కథకి కీలకం అదే కాబట్టి లెక్క తప్పకూడదు. ఒక్క రాత్రిలో బ్యారేజీ నుంచి నలభై టీఎంసీలు మాయమైనట్టు రాశారు. ప్రకాశం బ్యారేజీ వెనక నిలవ ఉండేదే 3.07 టీఎంసీలు. కృష్ణా డెల్టాకి ఏడాది మొత్తానికి కృష్ణ నీళ్ళు రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ కేటాయించింది 181.2 టీఎంసీలు. ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) అంటే రోజంతా 11,574 క్యూసెక్కులు (సెకనుకి అన్ని ఘనపుటడుగులు) పారడం. నలభై టీఎంసీలు పన్నెండు గంటల్లో పోవాలంటే తొమ్మిది లక్షల క్యూసెక్కుల పైన పారాలి. 2009 అక్టోబరులో మనం చూసిన పెద్ద వరద 11.10 లక్షలు. అంటే మీ దొంగతనం దాదాపు ఆ వరదంత. బెజవాడ ఊరు ఊరంతా కట్ట మీదికొచ్చి చూసేది!

ఎప్పుడైనా చిన్న అంకే భయపెడుతుంది. గేజి మీద రెండంగుళాలు. ఒక కాలవకి రోజుకి రెండంగుళాల తేడా, ఆరు నెలల పాటు, ఒకే చేతిరాతతో. కింద రైతుకి వంతు రోజున మడి తడవలేదు, అంతే. ఎవరూ గొడవ చేయనంత చిన్న దొంగతనం. లస్కరు కూతురు కాబట్టే ఆ పిల్ల కంటికి అది ఆనింది.

మా నాన్న సంగతి ఒకటి చెప్తాను. మీకు పనికొస్తుంది. లాకుల దగ్గర గోడకి గేజి పలక ఉండేది, అడుగులు, అంగుళాలు తెల్లరంగుతో వేసి. తెల్లవారుజామున టార్చిలైటు పట్టుకెళ్ళి చూసి, రిజిస్టరులో రాసి, సెక్షను ఆఫీసుకి కబురు చేసేవాడు. వరద రోజుల్లో గంట గంటకీ చూడాలి. రాత్రి గాలివానలో అలలు కొడుతుంటే గేజి అంకె సరిగ్గా ఆనేది కాదు. అప్పుడు నీళ్ళ అంచున మట్టిలో ఒక పుల్ల గుచ్చి వచ్చేవాడు. అరగంట తర్వాత వెళ్ళి చూస్తే పుల్ల నీళ్ళలోకి వెళ్ళిందా, పొడి నేల మీద ఉందా అన్నదాన్ని బట్టి వరద పెరుగుతోందో తీస్తోందో తెలిసేది. నేను గడపలో కూర్చుని ఆ టార్చి వెలుగు వెనక్కి తిరిగి రావడం కోసం చూసేదాన్ని. వెలుగు మామూలుగా నడిచి వస్తే పుల్ల పొడిగా ఉన్నట్టు. పరిగెత్తుకొస్తే అమ్మ సామాను సర్దడం మొదలుపెట్టేది. మీ 80వ పేజీలో గేటు పేల్చేసే బాంబు చదువుతుంటే నాకు భయం పుట్టలేదు. ఆ పుల్ల తలుచుకుంటే ఇప్పటికీ పుడుతుంది.

గేటుకి బాంబు నిజంగానే అవసరం లేదు. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కుల వరదలో పడవలు కొట్టుకొచ్చి తగిలితేనే గేట్ల కౌంటర్‌వెయిట్లు (గేటుకి సరితూగే బరువులు) దెబ్బతిన్నాయి. మనందరం టీవీలో చూశాం. ఇంకోటి, ఒక్క మీట నొక్కితే డెబ్భై గేట్లూ ఒకేసారి లేచినట్టు రాశారు. అలా లేవవు. వచ్చే నీటిని బట్టి విడతలుగా ఎత్తుతారు. 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. పుష్కరాలు పన్నెండు రోజులు, ఘాట్ల నిండా జనం, వానాకాలం. మొదటి హెచ్చరిక ఏ రోజు, రెండోది ఏ రోజు, ఘాట్లు ఖాళీ చేయించాలా వద్దా అని అధికారులు ఎన్ని గంటలు తర్జనభర్జన పడతారు? మీ థ్రిల్లర్‌కి గడియారం తయారుగా ఉంది. ఇప్పటి డ్రాఫ్టులో పుష్కరాలు వెనక పటంలాగా వేలాడుతున్నాయి. అధ్యాయాలకి ఒకటో రోజు, రెండో రోజు అని పేర్లు పెట్టి చూడండి.

వరద మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మీ బెజవాడకి కరువు మాత్రమే ఉంది. 2009లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వస్తే ఇక్కడికి చేరింది 11.10 లక్షలు. మధ్యలో ఆనకట్టలు కొంత పట్టుకున్నాయి. సాగర్ లేని లోకంలో పెన్నకు మళ్ళించే కాలవ ఎంత పెద్దదైనా అంత వరదని మింగలేదు. కాబట్టి మీ ఊరికి వేసవిలో గుక్కెడు నీళ్ళు లేక ఏడుపు, వానాకాలంలో ఊరు మునిగి ఏడుపు. తుఫాన్లు ఎలాగూ మారవు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన మీ లోకంలోనూ వస్తుంది, నాయనమ్మ దాన్ని దాటి బతికిన మనిషే అవుతుంది. సాగర్ లేకపోతే హైదరాబాదు తాగునీళ్ళ సంగతి ఏమవుతుందో కూడా ఒకసారి ఆలోచించండి.

మీరు చేతులారా వదిలేసిన నిధి ఒకటుంది, నాగార్జునకొండ లోయ. 1926లో బయటపడిన ఇక్ష్వాకుల విజయపురి. ఆనకట్ట వస్తోందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవి కొండ మీదికి చేర్చి, కొన్ని కట్టడాల్ని అనుపులో తిరిగి నిలబెట్టి, లోయని నీళ్ళకి వదిలేశారు. మీ లోకంలో ఆనకట్టే లేదు కాబట్టి ఆ లోయ మునగలేదు! స్తూపాలు, విహారాలు, మెట్ల మండపం, నది ఒడ్డున స్నానఘట్టం అన్నీ అక్కడే ఎండలో ఉన్నాయి. మనం పోగొట్టుకున్న చోట మీ హీరోయిన్ నడవగలదు. ఆ పిల్లని ఒక్క రాత్రైనా అక్కడ దాచండి. కృష్ణా-పెన్నా వల్ల డెల్టాకి ఎంత నష్టం జరిగినా, ఆ లోకానికి మన దగ్గర లేనిది ఒకటి మిగిలింది.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇక్కడే మొదలవుతుంది. మీ నవలలో నీళ్ళు పోయిన ఊళ్ళు ఉన్నాయి. నీళ్ళు వచ్చిన ఊరు ఒక్కటీ లేదు. విలన్ కర్నూలు మనిషి. 73వ పేజీలో "ఈ నీళ్ళు మావి" అని నవ్వి వెళ్ళిపోతాడు. ఎందుకు మావి అంటున్నాడో ఒక్క ముక్క లేదు. నాకు బాధ కలిగింది. కృష్ణా-పెన్నా కట్టకపోవడం రాయలసీమలో ఇవాళ్టికీ మానని గాయం. 1937 నవంబరు 16న మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక మీద కోస్తావాళ్ళు, సీమవాళ్ళు సంతకాలు చేశారు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళ వాడకంలో పదేళ్ళ పాటు రాయలసీమ, నెల్లూరు జిల్లాలకి ముందు అవకాశం ఇవ్వాలని అందులో ఉంది. ఆ కాయితం మీ విలన్ తాత ట్రంకుపెట్టెలో ఉందనుకోండి. మీ లోకంలో ఆ మాట నిలబడింది. అతని ఊళ్ళో చెరువు నిండింది. అతను వలస పోకుండా చదువుకున్నాడు. ఇప్పుడు డెల్టావాళ్ళు ఆ నీళ్ళు తిరిగి లాక్కోవాలని చూస్తున్నారని అతనికి తెలిసింది. మరి అతను రిజిస్టరు దిద్దాడంటే, ఎవరి వైపు నిలబడి చదవాలో పాఠకుడికే తెలియదు. థ్రిల్లర్‌లో పాఠకుడి ఊపిరి బిగపట్టించేది అదే. తరిమేవాడికీ ఒక ఇల్లుంది, అక్కడా ఒక నాయనమ్మ నీళ్ళు రుచి చూస్తోంది.

నేను డెల్టా మనిషిని. కాలవ నీళ్ళతో పెరిగాను. అయినా ఈ మాట చెప్పకుండా ఉండలేను: మన వైపు నుంచి రాసినప్పుడు ఎగువవాళ్ళు దొంగల్లా, కిందవాళ్ళు దేవుళ్ళలా కనపడతారు. పత్రికలో ఉన్నప్పుడు ఇలాంటి సీరియల్ ఒకటి నా చేతుల మీదుగానే వెళ్ళింది. అనంతపురం నుంచి ఒక పాఠకురాలు ఇన్‌లాండ్ లెటర్ రాశారు. కథ మీద ఒక్క విమర్శ లేదు. వాళ్ళ ఇంటి బావి ఎన్ని గజాలు తవ్వితే ఎన్ని బిందెలు పడ్డాయో మాత్రం రాశారు. ఆ ఉత్తరానికి జవాబు రాయలేకపోయాను. అది ఇంకా నా దగ్గరే ఉంది.

సంభాషణల గురించి ఒక్క మాట. అందరూ టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నారు, నాయనమ్మ తప్ప. ఆ విలన్‌కి కర్నూలు యాస ఇవ్వాలనుకుంటే అక్కడివాళ్ళ చేత ఒకసారి చదివించండి, సినిమాల్లోంచి తీసుకోవద్దు. మిగతా భాష సాఫీగా ఉంది, చేయి తిరిగింది మీకు.

మీరు వెంటనే చేయాల్సింది 37 నుంచి 48 దాకా తీసేసి, 36ని నేరుగా 49కి కలిపి, ఆ పదిమందిలో ఆగిపోయిన ఎనిమిదిమందికీ మళ్ళీ ఇవ్వడం. ఈసారి ఎక్కడ ఆగారో పేజీ నంబరు రాసుకోండి. ఆ తర్వాత 73వ పేజీ.

తొంభయ్యో పేజీ చివర ఆ పిల్ల పండిట్ నెహ్రూ బస్టాండులో రిజిస్టరు చీరలో చుట్టుకుని నిలబడి ఉంది. ఒక ప్లాట్‌ఫారం మీద రేపల్లె బస్సు, ఇంకో ప్లాట్‌ఫారం మీద కర్నూలు బస్సు. మీరు అక్కడ ఆపేశారు. ఆదివారం నుంచి నాకదే ధ్యాస. ఏ బస్సు ఎక్కుతుంది? 91వ పేజీ రాసిన రోజునే పంపండి.